పుదుచ్చేరిలో చదువు, యానాంలో మనసు

యానాం చిన్న ఊరు. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పక్కనే గౌతమి గోదావరి. కాకినాడ వెళ్ళాలంటే గంట ప్రయాణం. పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. అందుకే ఇక్కడ ఇంటర్ పూర్తయిన పిల్లల దారులు పక్క ఊరి పిల్లల దారుల్లా ఉండవు. పుదుచ్చేరి కాలేజీల అడ్మిషన్లు చూసే సెంటాక్ కౌన్సెలింగ్‌లో యానాం కోటా కింద సీటొస్తే మెడిసిన్‌కో ఇంజనీరింగ్‌కో పుదుచ్చేరి వెళ్ళాలి, అగ్రికల్చర్ బీఎస్సీకి కారైకాల్, ఆయుర్వేదానికి కేరళ తీరంలోని మాహే. మిగిలినవాళ్ళు ఊళ్ళో ఉన్న ఎస్సార్కే ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలోనో కాకినాడలోనో చేరతారు. పదో తరగతి నుంచీ ఒకే ట్యూషన్‌కి వెళ్ళిన ఇద్దరు, సీట్ల అలాట్‌మెంట్ లిస్టు బయటికొచ్చిన రోజున చెరో దిక్కు అయిపోతారు.

ఈ అధ్యాయం ఆ ఇద్దరి కోసం. ప్రేమించుకున్నవాళ్ళు కావచ్చు. నిశ్చితార్థం చేసుకుని, చదువు అయ్యేదాకా పెళ్ళి ఆపుకున్నవాళ్ళు కావచ్చు. పెళ్ళయ్యాక పీజీ కోసం విడిగా ఉంటున్నవాళ్ళూ కావచ్చు. ఎవరికైనా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: దూరంగా ఉన్న మనిషి రోజు ఎలా గడుస్తోందో మీకు తెలియాలి, మీ రోజు ఆ మనిషికి తెలియాలి. తెలియని చోటల్లా మనసు తనకు తోచింది అల్లేస్తుంది. బాగున్న రోజున ఆ మనిషిని దేవుణ్ణి చేస్తుంది, బాగోలేని రోజున దొంగని చేస్తుంది. రెండూ ప్రమాదమే.

రాత్రి తొమ్మిదిన్నరకు ఏ హాస్టల్ మేడ మీదకెళ్ళి చూసినా ట్యాంకు పక్కన ఒకరు, మెట్ల దగ్గర ఒకరు ఫోన్ చెవికి ఆనించుకుని తిరుగుతూ కనిపిస్తారు. చాలా కాల్స్ ఇలాగే నడుస్తాయి:

"తిన్నావా?"

"ఆ. నువ్వు?"

"తిన్నా. ఇంకేంటి?"

"ఏం లేదు. నువ్వే చెప్పు."

"నా దగ్గరేం ఉంటాయి చెప్పడానికి."

కాసేపు ఇద్దరూ మాట్లాడరు. తరవాత "ఏంటలా ఉన్నావ్?" అని ఒకరు, "ఎలా ఉన్నా?" అని ఇంకొకరు. అక్కణ్ణుంచి గొడవ మొదలవుతుంది. గంటసేపు ఫోన్లో ఉండి కూడా ఒకరి గురించి ఒకరికి కొత్తగా ఒక్క సంగతీ తెలీదు. ఇలాంటి కాల్స్ నెల రోజులు సాగితే ప్రేమ తగ్గిపోయిందేమోనని భయం పట్టుకుంటుంది. నిజానికి తగ్గింది ప్రేమ కాదు. కబుర్లు.

కబురు అంటే పెద్ద విషయమే అయ్యుండాలనుకోకండి. "మెస్‌లో ఇవాళ పప్పనుకుని గరిటెడు వేయించుకున్నా, తీరా చూస్తే పొంగల్. పక్కనున్న సేలం అమ్మాయి నవ్వీ నవ్వీ తన ప్లేట్లో వడ నాకు పెట్టేసింది." ఇది కబురు. అవతలి నుంచి, "మార్కెట్టుకి పులస దిగింది. వేలంపాటలో రేటు విని మా నాన్న మెల్లగా వెనక్కొచ్చేశాడు. ఇంటికొచ్చి అమ్మతో చేపలేవీ బాగోలేవన్నాడు." ఇదీ కబురే. ఈ రెండు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. సేలం అమ్మాయి అనే మనిషి ఉంది, నాన్న స్వభావం ఉంది, ఆగస్టు నెల గోదావరి ఉంది. రేపు అదే అమ్మాయితో సినిమాకి వెళ్ళానని చెప్తే అవతలి మనిషికి "ఎవరది?" అన్న అనుమానం రాదు, "వడ పెట్టిన అమ్మాయా?" అన్న నవ్వే వస్తుంది. అనుమానానికి పుట్టే చోటు లేకుండా చేయాలంటే దారి ఇదే. పేర్లు చెప్పండి, ముఖాలు చూపించండి, మీ రూమ్మేట్ చేత రెండు మాటలు మాట్లాడించండి. పగలు చూసిన చిన్న సంగతుల్ని రాత్రికి మర్చిపోతారనిపిస్తే అప్పటికప్పుడు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేయండి. జవాబు రావాలని కాచుక్కూర్చోనక్కర్లేదు.

రోజూ మాట్లాడాలా అని చాలామంది అడుగుతుంటారు. మాట్లాడుకోండి, కానీ రోజూ గంటలు గంటలు వద్దు. రోజూ పావుగంట, వారానికి ఒక్కసారి తీరిగ్గా కూర్చుని కబుర్లాడుకునే పొడుగాటి కాల్ చాలు. మిడ్స్, ప్రాక్టికల్స్ ఉన్న వారంలో "ఈ అయిదు రోజులు గుడ్‌నైట్ మాత్రమే" అని ముందే చెప్పేసుకోవాలి. ముందుగా చెప్పిన మౌనం ఎవర్నీ నొప్పించదు. చెప్పకుండా మాయమైతేనే మనసు కష్టపడుతుంది.

దూరపు జంటల మీద పరిశోధనలూ జరిగాయి. 2013లో క్రిస్టల్ జియాంగ్, జెఫ్రీ హాన్‌కాక్ 63 జంటల చేత వారం రోజుల డైరీలు రాయించి చూశారు. ఒకే ఊళ్ళో ఉన్న జంటల కంటే దూరంగా ఉన్న జంటలే తమ మనసులోని మాటల్ని ఎక్కువగా పంచుకుంటున్నారనీ, ఒకరి మీద ఒకరు ఎక్కువ గొప్ప ఊహలు పెట్టుకుంటున్నారనీ తేలింది. మొదటి సంగతి మనకు ధైర్యం. దూరం ఉన్నంత మాత్రాన సాన్నిహిత్యం తగ్గాలనేం లేదు. రెండో సంగతి దగ్గరే ఆగి ఆలోచించాలి.

2006లో లారా స్టాఫర్డ్ బృందం అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో ఒక బాధాకరమైన విషయం బయటపడింది. దూరంగా ఉండి, ఆ తరవాత ఒకే ఊరికి చేరిన జంటల్లో దాదాపు మూడో వంతు మంది, కలిసిన మూడు నెలల్లోపే విడిపోయారు. దూరాన్ని ఓర్చుకున్నవాళ్ళు దగ్గరితనాన్ని ఓర్చుకోలేకపోయారన్నమాట. ఎందుకంటే ఫోన్లో ఉండే మనిషికి నిద్రమొహం ఉండదు, తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటు ఉండదు, డబ్బు దగ్గర పిసినారితనం కనపడదు. ఏడాదికి రెండుసార్లు సంక్రాంతికీ వేసవి సెలవులకీ కలుస్తారు. అప్పుడు ఇద్దరూ కొత్త బట్టల్లో, మంచి మాటల్లో ఉంటారు. ఇలా కలిసినన్నాళ్ళూ మీకు తెలిసేది ఆ మనిషి పండగ ముఖమే.

అందుకని నా సలహా: వీలుంటే ఏడాదికి ఒక్కసారైనా పండగ కాని రోజున కలవండి. ఆమె పుదుచ్చేరిలో చదువుతుంటే అతను స్నేహితుడితో కలిసి అక్కడికి వెళ్ళాలి, వేరే బస చూసుకోవాలి, ఆమె మామూలు వారం ఎలా గడుస్తుందో చూడాలి. బీచ్ రోడ్డు, ఫ్రెంచి వీధులు ఒక సాయంత్రం చాలు. మిగతా సమయం లైబ్రరీలో చెరో పుస్తకం పెట్టుకుని కూర్చోండి, జిరాక్స్ షాపు దగ్గర క్యూలో నిలబడండి, రికార్డు రాయాల్సుంటే పక్కన కూర్చుని గీతలు గీసివ్వండి. విసుగు పుట్టినప్పుడు ఆ మనిషి ఎలా ఉంటుందో, ఆకలేసినప్పుడు ఎలా మాట్లాడుతుందో ఆ రెండు మూడు రోజుల్లో తెలిసినంతగా రెండేళ్ళ ఫోన్ కాల్స్‌లో తెలీదు.

ఈ ప్రయాణాలన్నిటికీ లెక్క కావాలి. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ నుంచి పుదుచ్చేరికి ఒక రాత్రి ప్రయాణం, పైన ఇంకొంత. టికెట్లు 2024 నవంబరు నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకు ముందు 120 రోజులుండేది. సంక్రాంతికి జనవరి 12న బండెక్కాలంటే నవంబరు 13న పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. సెమిస్టరు మొదట్లోనే ఇద్దరి అకడమిక్ క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోండి. యానాం వాళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కుంది. పుదుచ్చేరి కాలేజీకి నవంబరు 1 విమోచన దినం, ఆగస్టు 16 విలీన దినం సెలవులు. కాకినాడలో ఆ రోజుల్లో క్లాసులుంటాయి. ఆ సెలవులు ఏ వారంలో పడుతున్నాయో చూసుకుంటే, మూడు రోజులు కలిసొచ్చే చోటు దొరక్కపోదు. తరవాతి కలయిక తేదీ తెలిసి ఉండటం దూరంలో ఉన్నవాళ్ళకి పెద్ద బలం. ఆ తేదీ మూడు నెలల తరవాతదైనా సరే. టికెట్ డబ్బు ఒకరి మీదే పడకూడదు. ఇద్దరూ నెలకు కొంచెం కొంచెం పక్కన పెట్టుకోండి. అప్పుచేసి, ఫీజు డబ్బు వాడి చేసే ప్రయాణాలు ఆనక గొడవలకే దారితీస్తాయి.

ఊరికొచ్చినప్పుడు మరో బాధ. పుదుచ్చేరిలో ఉన్నప్పుడు రోజూ మాట్లాడుకున్నవాళ్ళు యానాం చేరాక పది రోజులైనా పది నిమిషాలు కలవలేరు. కనకాలపేటలో బయల్దేరి గోదావరి గట్టున ఉన్న బీచ్ దాకా వెళ్ళేలోపు ముగ్గురు బంధువులు ఎదురవుతారు. మీసాల వెంకన్న గుడి కల్యాణంలో ఎదురుపడితే చూడనట్టు పక్కకి తప్పుకోవాలి. ఇది ముందే అర్థం చేసుకుని రండి. "ఊరికొచ్చి కూడా నన్ను కలవలేదు" అనే నిందకి ఇక్కడ చోటివ్వకండి. స్నేహితుల గుంపుతో కలిసి కోరంగి మడ అడవులకో కాకినాడకో వెళ్ళిన ఒక్క పూట కూడా పెద్దదే.

కానీ ఎన్నాళ్ళని దాస్తారు? ఈ దాచడం గురించి ఒక పాత సంగతి చెప్పాలి. యానాం పక్కనే కోరంగి ఉంది. ఒకప్పుడు అక్కణ్ణుంచీ కాకినాడ నుంచీ మన జిల్లా మగవాళ్ళు వేలల్లో రంగూన్ వెళ్ళేవాళ్ళు, ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందర్నీ కొరంగీలనే పిలిచారు. భార్య ఇక్కడ, భర్త సముద్రానికి అవతల, ఏళ్ళకేళ్ళు. చదువు రాని ఆడవాళ్ళకి ఉత్తరం ఎవరో ఒకరు చదివిపెట్టాలి. ఓడ దిగి వచ్చిన ప్రతి మనిషీ ఎవరో ఒకరి కబురు తెచ్చేవాడు. ఆ కష్టాన్ని నేను తీపి చేసి చెప్పడం లేదు. చాలా కాపురాలు నలిగిపోయాయి. కానీ వాళ్ళకి ఉన్నదొకటి, ఇవాళ ఫోన్ చేతిలో ఉన్న జంటలకి లేనిదొకటి ఉంది: నడుమ మనుషులు. అవతలి మనిషికి జ్వరం వస్తే కబురు చెప్పే మనిషి, ఇక్కడ తల్లికి బాగోలేదంటే అక్కడ చెవిన వేసే మనిషి.

ఇవాళ చాలామంది జంటల గురించి ప్రపంచంలో ఇంకెవరికీ తెలీదు. రెండు ఫోన్లు మాత్రమే ఉంటాయి. ఒక ఫోన్ రెండు రోజులు మూగబోతే రెండోవాళ్ళకి పిచ్చెక్కిపోతుంది, ఎవర్ని అడగాలో తెలీదు. కాబట్టి చెరో వైపు కనీసం ఒక మనిషికి తెలిసి ఉండాలి. రూమ్మేట్, అక్క, మాట దాచగల పిన్ని ఎవరైనా సరే. వాళ్ళ నంబరు మీ దగ్గర, మీ నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. రెండో ఏడాదికల్లా ఇంట్లో ఒక పెద్దమనిషికైనా చెప్పడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ముందు ఎవరు వింటారో మీకే తెలుసు. చాలా ఇళ్ళల్లో అది అమ్మ కాదు, మేనమామో పెద్దమ్మో. చెప్పేటప్పుడు "మేం పెళ్ళి చేసుకుంటాం" అని మొదలుపెట్టకండి. "నాకు ఒక మనిషి ఇష్టం, చదువు పూర్తిచేస్తాను, నీకు తెలిసుండాలని చెప్తున్నాను" అనండి. మొదటి రోజున అవసరమైనది ఆ మాటే.

ఈ ఊరి చరిత్రలోనే ఇంకో ముచ్చట ఉంది. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకొచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలు నేరమయ్యాక, ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకి ఆ చట్టం వర్తించదని చుట్టుపక్కలవాళ్ళు పిల్లల్ని ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేశారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. ఆ పసిపిల్లల్ని ఎవరూ నీ ఇష్టమేంటని అడగలేదు. అదే వీధుల్లో పుట్టిన ఇవాళ్టి అమ్మాయి పుదుచ్చేరిలో డిగ్రీ పూర్తిచేసి, ఎవర్ని చేసుకోవాలో, ఎప్పుడు చేసుకోవాలో తనే ఆలోచించుకుంటోంది. ఈ నాలుగేళ్ళ దూరం ఆ ఆలోచనకి దొరికిన సమయం కూడా. పెళ్ళి తేదీ కోసం చదువు మధ్యలో ఆపకండి. ముఖ్యంగా అమ్మాయిలకి చెప్తున్నాను.

చేరిన ఊళ్ళో బతకడం నేర్చుకోవడం కూడా ఈ బంధంలో భాగమే. పుదుచ్చేరిలో మొదటి మూడు నెలలు తమిళం రాక, తిండి పడక, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లో యానాంకే అతుక్కుపోయే పిల్లలుంటారు. సాయంత్రం ఆటకి రారు, ఫెస్ట్‌కి పేరివ్వరు. ఏడాది తిరిగేసరికి వాళ్ళకి అక్కడ ఒక్క స్నేహితుడూ ఉండడు, ఒంటరితనం మొత్తం అవతలి మనిషి భుజాల మీద పడుతుంది. అంత బరువు ఇరవై ఏళ్ళ పిల్లో పిల్లాడో మోయలేరు. తమిళం నేర్చుకోండి. టీ కొట్టు దగ్గర నలుగురితో నిలబడండి. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి. పొద్దున క్లాసు పోయేంతగా రాత్రి కాల్ పొడిగించమని అడిగే ప్రేమకి కాదని చెప్పడం మీ హక్కు.

అలాగే గొడవ పడాల్సొస్తే టైప్ చేసి పడకండి. మెసేజ్‌లో గొంతు వినపడదు. "సరే" అన్న ఒక్క మాటని కోపంగానూ చదువుకోవచ్చు, ప్రేమగానూ చదువుకోవచ్చు. చదివేవాళ్ళు ఆ రోజు ఏ మనసుతో ఉంటే అలాగే చదువుకుంటారు. "ఇది ఫోన్లో మాట్లాడదాం" అని రాసి ఆపేయండి.

ఇక ఒక విషయంలో నేను మెత్తగా మాట్లాడను. ఎక్కడున్నావో చూపించమని వీడియో కాల్ చేయించేవాళ్ళు, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలనేవాళ్ళు, పాస్‌వర్డ్ అడిగేవాళ్ళు, ఫలానా వాళ్ళతో మాట్లాడొద్దని షరతులు పెట్టేవాళ్ళు ఉన్నారు. దూరం వల్ల భయమేస్తోందని చెప్తారు. భయం నిజమే కావచ్చు, దాని పేరుతో చేస్తున్నది మాత్రం కాపలా. ఒకసారి చెప్పి చూడండి, మారకపోతే బయటికి రండి. నగ్నంగా ఉన్న ఫొటోలు, వీడియోలు ఎవరు అడిగినా, ఎంత నమ్మకం ఉన్నా పంపకండి. ఇప్పటికే పంపి ఉండి, వాటితో ఎవరైనా బెదిరిస్తుంటే తప్పు మీది కాదు. ఆంతరంగిక చిత్రాన్ని అనుమతి లేకుండా బయటపెట్టడం ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం. 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి.

విదేశాలకు వెళ్ళే జంటల గురించి రెండు మాటలు. ఫ్రాన్సులో బంధువులున్న కుటుంబాలు యానాంలో ఉన్నాయి, అక్కడికి చదువుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఫ్రాన్సు గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుతుంది. అమెరికాలో టెక్సస్ లాంటి చోట తేడా పదిన్నర, పదకొండున్నర గంటలు. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. ఆ వారాల్లో "గంట లేటయింది" అనే గొడవలు ఏటా వస్తాయి. ఫోన్లో గుర్తు పెట్టుకుంటే చాలు. అమెరికా జంటల్లో ఒకరి పొద్దు ఇంకొకరి రాత్రి కాబట్టి, ఎప్పుడూ ఒకరే నిద్ర మానుకోకుండా వారం వారం వంతులు మార్చుకోవాలి.

అన్నీ చేసినా కొన్ని బంధాలు నిలవవు. ఇద్దరూ మంచివాళ్ళే అయ్యుండి, నాలుగేళ్ళలో వేరే మనుషులుగా ఎదుగుతారు. అప్పుడు బ్లాక్ చేసి మాయం కాకండి. ఫోన్ చేసి, లేదా ఎదురుగా కూర్చుని, "నేను కొనసాగించలేను" అని స్పష్టంగా చెప్పండి. "చూద్దాంలే" అనే మాటతో నెలలు లాగకండి. వినాల్సొచ్చినవాళ్ళు ఆ వారం ఒంటరిగా గదిలో ఉండకండి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నిలిచిన బంధాలకి అసలు పరీక్ష ఆఖరి సెమిస్టర్‌లో వస్తుంది. ఒకరికి క్యాంపస్‌లో చెన్నైలో ఉద్యోగం, ఇంకొకరు హైదరాబాదులో గ్రూప్స్ కోచింగ్. ఎవరూ నోరు తెరవరు, ఎవరికి వారు అవతలివాళ్ళే సర్దుకుంటారనుకుంటారు. స్టాఫర్డ్ అధ్యయనంలో విడిపోయిన ఆ మూడో వంతు మందిని గుర్తుపెట్టుకోండి. ఫైనలియర్ మొదలయ్యేలోపు ఒక రోజు తీరిగ్గా కూర్చుని ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడగండి: ఏ ఊళ్ళో ఉందాం, ముందు ఎవరి ఉద్యోగం, ఎవరింట్లో ఎప్పుడు ఎవరు చెప్తారు, ఇంట్లో ఒప్పుకోకపోతే ఎన్నాళ్ళు ఆగుదాం. జవాబులన్నీ ఆ రోజే దొరక్కపోవచ్చు. అడగడం మాత్రం వాయిదా వేయకండి.